అసిటోన్‌తో తుడిచినా పొర మిగులుతోందా? ముందు సీసా చూడండి

గ్రానైట్ పలకను అసిటోన్‌తో (జిడ్డు, జిగురు కరిగించే ద్రవం) తుడిచి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వేస్తే నాలుగు రోజులకే అతుకు ఊడొచ్చింది. అద్దం తుడిస్తే తెల్లటి పొర మిగిలింది. కరీంనగర్ కోత మిల్లయినా, హన్మకొండ కాలేజీ ల్యాబయినా మాట ఒకటే: "సరుకు కల్తీ". కావచ్చు. కానీ రెండు నిమిషాల పరీక్ష మాత్రం ఎవరూ చెయ్యరు.

కడిగి ఆరబెట్టిన గాజు ముక్క మీద, రోజూ వాడే సీసాలోంచే పది చుక్కలు వెయ్యండి. ఆరినాక వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. ఉంగరంలాంటి మరక కనిపించకపోతే తప్పు గుడ్డది. రంగు బనియన్ గుడ్డ, నూనె తగిలిన కాటన్ వేస్ట్ పక్కన పడేసి తెల్ల నూలు గుడ్డ తీసుకోండి. ప్రతి తుడుపుకూ మడత మార్చండి, లేకుంటే జిడ్డు ఒకచోట నుంచి ఇంకోచోటికి పోతుందంతే.

మరక కనిపిస్తే ఇదే పరీక్ష అసలు డబ్బాలోంచి నేరుగా తీసి చెయ్యండి. డబ్బా సరుకు శుభ్రంగా ఆరి, సీసాది మరక పెట్టిందా? దొంగ దొరికినట్టే.

లూజుగా కొన్న అసిటోన్‌ను చాలామంది మంచినీళ్ల బాటిల్‌లో పోస్తారు, రబ్బరు బుడ్డి డ్రాపర్‌తో తీస్తారు, పీవీసీ పైపుతో వంపుతారు. మెత్తటి పీవీసీలో మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థాన్ని అసిటోన్ లాగేస్తుంది. పైపును నానబెట్టి తీసి ఆరబెడితే బిరుసుగా తయారవుతుంది. ఆ పోయిన మెత్తదనమంతా ఇప్పుడు మీ అసిటోన్‌లో ఉంది, అదే రాయి మీదికి చేరుతుంది. రబ్బరు బుడ్డి, మూతలోపలి మెత్తటి బిళ్ల చేసేదీ అదే. అడుగున త్రికోణంలో 2 లేదా 5 అంకె ఉన్న ప్లాస్టిక్ సీసా, లేదా గాజు సీసా వాడండి. 1, 3, 6 వద్దు. మూతలో రబ్బరు బిళ్ల ఉంటే మూత మార్చండి. పాడైన అసిటోన్ బ్రష్షులు కడగడానికి పనికొస్తుంది. పలకను కొత్త అసిటోన్‌తో రెండుసార్లు తుడిచాకే ఎపాక్సీ వెయ్యండి.

డబ్బా సరుకే మరక పెడితే అప్పుడు కల్తీ సంగతి. కొంచెం అసిటోన్ విడిగా తీసి సమానంగా నీళ్లు కలపండి. అసిటోన్ నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది. పాలలా తెల్లబడినా, పైన పొర తేలినా అందులో థిన్నర్‌లాంటి, నీళ్లలో కలవనిదేదో ఉంది. నీళ్లే కలిపారనుకుంటే మైలుతుత్తాన్ని అసిటోన్‌కు దూరంగా తెల్లబడేదాకా వేయించి, చల్లార్చి, ఆ పొడి చిటికెడు డబ్బాలోంచి విడిగా తీసిన అసిటోన్‌లో వెయ్యండి. నీలం తిరిగితే నీళ్లున్నట్టు. నెయిల్ పాలిష్ రిమూవర్‌ను అసిటోన్ అనుకుని తెచ్చుకోకండి, అందులో చాలావాటికి నూనె, సెంటు కలుపుతారు.

వానాకాలంలో తుడవగానే వచ్చి ఒకటి రెండు నిమిషాల్లో పోయే తెల్లదనం ఉత్త చెమ్మ. 56 డిగ్రీలకే మరిగే ద్రవం గాలికి ఆరుతూ రాయిని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దానిమీద పడుతుంది. అది పోయాకే ఎపాక్సీ వెయ్యాలి, లేకుంటే అతుకు నిలవదు. తొందరపడి హీట్ గన్ పెట్టకండి, మండే అసిటోన్ ఆవిరి ఇంకా అక్కడే ఉంటుంది.

ఫోన్ వెనక మూత లాంటి ప్లాస్టిక్ మీద తెల్లబడితే అది మరక కాదు, ప్లాస్టిక్కే కరిగింది; తుడిస్తే పోదు. అక్కడ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాల్సింది.

అసిటోన్ పాతబడి చెడిపోవడం అరుదు, ఆ అనుమానం పెట్టుకోకండి. గ్రేడు మార్చాల్సి వస్తే ఎపాక్సీకి, లెన్సుకు ఏఆర్ (ల్యాబ్ పరీక్షలకు వాడే శుద్ధమైన గ్రేడు) చాలు. జిగురు, పాలిష్ తీయడానికి మామూలు కమర్షియల్ గ్రేడు సరిపోతుంది. ఇంకా శుద్ధమైన హెచ్‌పీఎల్‌సీ గ్రేడు కొని రబ్బరు డ్రాపర్‌తో తీస్తే మళ్లీ అదే మరక.