పాత టేకు తలుపును కొత్త ఫ్లాట్‌లో ఎలా వాడుకోవాలి

కొత్త ఫ్లాట్‌లో దిగగానే చాలామంది ప్లైవుడ్ టీవీ యూనిట్‌కి, సోఫాకి అడ్వాన్స్ ఇచ్చేస్తారు. దానికి ముందు ఒక నెల ఆగి చుట్టుపక్కల చూడండి. విజయవాడలో సత్యనారాయణపురం, గుంటూరులో బ్రాడీపేట లాంటి పాత పేటల్లో పెంకుటిళ్లు, డాబాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతూనే ఉన్నారు. ఆ ఇళ్లలోంచి బయటికొచ్చే జంట తలుపులు, ద్వారబంధాలు, చెక్క స్తంభాలు, పడక కుర్చీలు, భోషాణాలు చాలావరకు నిక్షేపంలాంటి టేకు. ఇల్లు పడగొట్టే మేస్త్రీని అడిగితే పాత సామాను ఏ షెడ్డుకు వెళ్తుందో చెప్తాడు. మీ అమ్మమ్మగారి ఊళ్లో అటక మీద ఏముందో కూడా ఒకసారి కనుక్కోండి, చాలా ఇళ్లలో అవి వంటచెరుకుగా పోతున్నాయి, అది చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

కొనేముందు టేపు పట్టుకుని మీ లిఫ్ట్, మెట్ల మలుపు, గుమ్మం కొలుచుకోండి. ఏడడుగుల తలుపు చాలా లిఫ్టుల్లో పట్టదు.

ఇక చెక్కను పరీక్షించడం. ముందు వెనకవైపు, అడుగువైపు చూడాలి, ఎందుకంటే ముందువైపు రంగేసి ఎలాగూ మెరిపిస్తారు. సన్నని రంధ్రాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు, మట్టి దారులు కనిపిస్తే చెదలు. అడుగు అంచున స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి, ములికి మెత్తగా లోపలికి దిగిపోతే ఆ ముక్క వదిలేయండి. తలుపు గుమ్మం మీద ఆనే చోట వాన నీళ్లు పీల్చి ముందు పాడయ్యేది అదే. పైన ఆకుపచ్చ పెయింటు దట్టంగా ఉండి చెక్క ఏదో తెలియకపోతే, కనపడని మూల కొంచెం చిత్రిక పట్టించమనండి. టేకైతే బంగారు గోధుమ రంగు బయటపడుతుంది, తోలు వాసన లాంటిది వస్తుంది, వేలితో రాస్తే కొంచెం జిడ్డుగా తగులుతుంది.

పాత జంట తలుపుల్లో ఒక్కో రెక్క వెడల్పు సుమారు అడుగున్నర నుంచి రెండడుగులే ఉంటుంది కాబట్టి ఒక్క రెక్కతో డైనింగ్ టేబుల్ చేయిద్దామనుకోకండి. దానికి బాగా కుదిరేవి హాల్లో పొడవాటి బెంచీ, లేదంటే మంచానికి తలాపు వైపు బల్ల. రెండు రెక్కలూ పక్కపక్కన కలిపితే మాత్రం మంచి డైనింగ్ టేబుల్ అవుతుంది, నేల నుంచి 30 అంగుళాల ఎత్తు పెట్టించి, చెక్కుడు పని ఉన్న గుంటల్లో అన్నం మెతుకులు ఇరుక్కోకుండా పైన టఫెన్డ్ గ్లాస్ వేయించండి. ఇత్తడి గుబ్బలు, గొళ్లెం తీసేయించొద్దు.

పాత పెయింటు గీకేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ కాలం పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఉంది, అందుకే పొడిగా రుద్దించకండి, తడిపి గీకించండి, మాస్కు పెట్టుకోమనండి, చిన్నపిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వకండి. లోపల విరిగిన మేకులు ఉంటాయి, అయస్కాంతం తిప్పితే దొరికిపోతాయి. తర్వాత 80 నంబరు ఎమరీ పేపర్‌తో మొదలుపెట్టి 120, 220 దాకా రుద్దించి, పెయింట్ షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనె (బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్) పలచగా పట్టించి గుడ్డతో తుడిచేస్తే చాలు, నాకైతే అద్దంలా మెరిసే పాలిష్ కంటే ఇదే ఇష్టం. ఆ నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఇంత బరువైన చెక్క ఉన్న గదిలో కర్టెన్లు తేలిగ్గా ఉండాలి. మంగళగిరి నూలు గుడ్డ పక్కనే దొరుకుతుంటే పాలిస్టర్ ఎందుకు? నాలుగడుగుల కిటికీకి కుచ్చిళ్లు నిండుగా రావాలంటే వెడల్పు రెట్టింపు, అంటే ఎనిమిదడుగులు కావాలి. గుడ్డ పన్నా 45 నుంచి 48 అంగుళాలుంటే రెండు తెరలు సరిపోతాయి. మంగళగిరి నేతలో జరీతో వచ్చే నిజాం అంచు ఉన్నది తీసుకుంటే ఆ అంచు పన్నా చివర నిలువుగా వస్తుంది, రెండు తెరలు కలిసే చోట రెండు అంచులూ పక్కపక్కన పడేలా కుట్టమని టైలర్‌కి ముందే చెప్పండి. కుట్టించే ముందు ఒక రాత్రి నానబెట్టి ఆరేయకపోతే మొదటి ఉతుకుకే కురచైపోతాయి. పెడన కలంకారీ దిండు గలీబులకి, గోడకి బాగుంటుంది, పడమటి కిటికీకి మాత్రం వద్దు, మన మే నెల ఎండకి రంగు వెలిసిపోతుంది.

కొండపల్లి బొమ్మలు కొనాలంటే అక్కడి బొమ్మల కాలనీకే వెళ్లి, చేసేవాళ్ల దగ్గర కొనండి. అవి తెల్లపొణికి చెక్కవి, చాలా తేలిక. అద్దాల షోకేసులో ఇరవై బొమ్మలు కుక్కితే ఒక్కటీ కంటికి ఆనదు. ఒక అంబారీ ఏనుగో, దశావతారాల సెట్టో కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో విడిగా పెట్టండి. తడి గుడ్డతో తుడవొద్దు, రంగు లేచిపోతుంది, మెత్తని బ్రష్ చాలు.

చివరగా లైట్లు మార్చండి. తెల్లటి ట్యూబ్‌లైట్ కింద టేకు పాలిపోయినట్టు కనిపిస్తుంది. బల్బు డబ్బా మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్నవి, అంటే పసుపు వెలుగువి, బల్ల పైన, బొమ్మల పక్కన పెట్టించి, చదువుకునే చోట, వంటగట్టు మీద మాత్రం తెల్ల లైటే ఉంచండి.