పర్యావరణ శాస్త్ర స్వయంబోధిని – 4వ పాఠం: భూమి ఉష్ణోగ్రతను మనమే లెక్కకట్టడం

ప్రతి వస్తువూ తన ఉష్ణోగ్రతను బట్టి కిరణాలను వెలువరిస్తుందని గత పాఠంలో చూశాం. దాదాపు 5,800 కెల్విన్‌ల (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే కెల్విన్‌లు) వేడి గల సూర్యుడి కాంతి తీవ్రత 0.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షలో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటే, 288 కెల్విన్‌ల భూమికి అది 10 మైక్రాన్ల దగ్గర, అంటే కంటికి కనిపించని పరారుణ ప్రాంతంలో ఉంటుందని కూడా తెలుసుకున్నాం. (మనిషి శరీరం వెలువరించే కిరణాలు ఎన్ని మైక్రాన్ల దగ్గర గరిష్ఠమన్న గత అభ్యాసానికి జవాబు: 2,898ని కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగిస్తే ఆ మైక్రాన్లు వస్తాయి; మనిషి శరీరం 310 కెల్విన్‌లు కాబట్టి 2,898ని 310తో భాగిస్తే 9.3 మైక్రాన్లు.) ఈసారి నేర్చుకోవలసిన పని ఒక్కటే. ఒక గ్రహం మీద పడే ఎండ ఎంతో తెలిస్తే దాని ఉష్ణోగ్రతను కాగితం మీద తేల్చాలి. హరితగృహ ప్రభావాన్ని చాలా పుస్తకాలు ఒక బొమ్మతో, నాలుగు బాణం గుర్తులతో ముగించేస్తాయి. బాణాలను చూసి నమ్మడం కంటే అంకెలు వేసి తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం. పైగా ఈ లెక్కకు వర్గమూలం మీట ఉన్న మామూలు క్యాలిక్యులేటర్ సరిపోతుంది.

లెక్క వెనక ఉన్న సూత్రం చిన్నది. అడుగున చిల్లి ఉన్న తొట్టిలోకి కుళాయి విప్పితే నీటిమట్టం పెరుగుతుంది, మట్టం పెరిగేకొద్దీ చిల్లిలోంచి పోయే నీరూ పెరుగుతుంది, వచ్చేదీ పోయేదీ సమానమైన చోట మట్టం నిలుస్తుంది. గ్రహానికి ఎండ కుళాయి వంటిది, అది ఆకాశంలోకి వెలువరించే పరారుణ కిరణాలు చిల్లిలోంచి పోయే నీటి వంటివి, నిలిచే మట్టమే దాని ఉష్ణోగ్రత.

ముందుగా వచ్చేదాన్ని లెక్కిద్దాం. భూమి ఉన్న దూరంలో, సూర్యుడికి ఎదురుగా నిలిపిన ప్రతి చదరపు మీటరు మీద 1,361 వాట్ల శక్తి పడుతుంది. అయితే భూమి ఎండను అడ్డుకునేది ఒక వృత్తం మేరకే, ఆ ఎండను పంచుకోవలసింది మాత్రం మొత్తం గోళం. గోళం ఉపరితల వైశాల్యం అదే వ్యాసార్ధం గల వృత్తానికి నాలుగు రెట్లు కనుక, రాత్రినీ పగటినీ, ధ్రువాలనూ భూమధ్యరేఖనూ కలిపి సగటు చూస్తే చదరపు మీటరుకు 340 వాట్లు వస్తాయి. ఇందులో దాదాపు 30 శాతాన్ని మేఘాలు, మంచు, ఎడారులు తిప్పి కొడతాయి. మిగిలిన 70 శాతం, అంటే 238 వాట్లు, భూమిలోనూ గాలిలోనూ ఇంకుతాయి. ఈ 238ని గుర్తుంచుకోండి.

ఇక పోయేది. స్టెఫాన్–బోల్ట్జ్‌మన్ నియమం ప్రకారం వస్తువు వెలువరించే శక్తి దాని కెల్విన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. పుస్తకాల్లో ఇది బోలెడు సున్నాలతో భయపెట్టేలా కనిపిస్తుంది కాని, ఉష్ణోగ్రతను ముందే 100తో భాగించి పెట్టుకుంటే ఆ సున్నాలన్నీ రద్దయిపోతాయి. వచ్చిన అంకెను నాలుగుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించి (అదే నాలుగో ఘాతం), దాన్ని 5.67తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని వాట్లో వస్తుంది. వెనక్కి రావడం ఇంకా తేలిక: వాట్లను 5.67తో భాగించి, వర్గమూలం మీటను రెండుసార్లు నొక్కి, 100తో గుణించాలి. మనకు 238 ÷ 5.67 = 41.98. మీటను ఒకసారి నొక్కితే 6.479, రెండోసారి 2.545. అంటే 254.5 కెల్విన్‌లు, 273 తీసేస్తే సెల్సియస్‌లో −18.5 డిగ్రీలు.

నిజానికి భూమి ఉపరితల సగటు ఉష్ణోగ్రత దాదాపు 15 డిగ్రీలు. లెక్కకూ వాస్తవానికీ మధ్య 33 డిగ్రీల తేడా వచ్చింది. ఇక్కడ విద్యార్థులు చాలామంది లెక్క తప్పిందనుకుని మళ్లీ మొదటి నుంచి వేస్తారు. లెక్క సరైనదే. భూమిని వెలుపలి నుంచి చూసే ఉపగ్రహాలకు చేరే పరారుణ శక్తి చదరపు మీటరుకు సగటున 240 వాట్ల దగ్గరే ఉంటుంది. కాని 288 కెల్విన్‌ల ఉపరితలం వెలువరించేది ఎంతో అదే పద్ధతిలో చూడండి: 2.88 నాలుగో ఘాతం 68.8, దాన్ని 5.67తో గుణిస్తే 390 వాట్లు. నేల 390 పంపితే ఆకాశానికి 238 మాత్రమే చేరుతోంది. మధ్యలో వాతావరణం ఆపిన ఆ 150 వాట్ల పైచిలుకే హరితగృహ ప్రభావం.

ఎలా ఆపుతుందో చూడడానికి నేలకు పైన ఒకే ఒక పొర ఉందనుకుందాం. అది ఎండను పూర్తిగా లోపలికి వదులుతుంది, నేల పంపే పరారుణాన్ని మాత్రం మొత్తం పీల్చుకుంటుంది. వేడెక్కిన పొర పైకి ఎంత వెలువరిస్తుందో కిందికీ అంతే వెలువరిస్తుంది. సమతౌల్యం కోసం పైకి 238 పోవాలి కాబట్టి కిందికీ 238 వస్తుంది. నేలకు ఎండ వల్ల 238, పొర వల్ల 238, మొత్తం 476 అందుతాయి. మళ్లీ మీట నొక్కితే 302.7 కెల్విన్‌లు, అంటే దాదాపు 30 డిగ్రీలు. ఇది వాస్తవాన్ని మించిపోయింది. నిజమైన వాతావరణం పరారుణాన్నంతా పీల్చదు. 8 నుంచి 12 మైక్రాన్ల మధ్య, గాలి పెద్దగా పీల్చని ఖాళీ గుండా కొంత నేరుగా బయటికి పోతుంది. పొర నూటికి 78 పాళ్లు పీల్చుతుందని అనుకుంటే సరిగ్గా 288 కెల్విన్‌లు వస్తాయి. (గాలిలో నత్రజని కూడా 78 శాతమే, కాని ఈ రెండు అంకెలకూ ఏ సంబంధమూ లేదు.) ఆవిరిగా, వేడిగాలిగా పైకి పోయే శక్తిని ఈ నమూనా పట్టించుకోదు కనుక దీన్ని తొలి అంచనాగానే తీసుకోవాలి.

పీల్చేది నత్రజని కాదు, ఆక్సిజన్ కూడా కాదు. ఒకే రకం పరమాణువులు రెండేసి కలిసిన ఈ అణువులు పరారుణానికి దాదాపు పారదర్శకం. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటి అణువులు కంపించే తీరే వేరు; కార్బన్ డయాక్సైడ్ అణువు వంగినప్పుడు 15 మైక్రాన్ల కిరణాలను పట్టుకుంటుంది, భూమి విరివిగా వెలువరించే ప్రాంతం అదే. గాలిలో దాని వాటా 0.04 శాతం చిల్లరే అయినా ప్రభావం పెద్దది కావడానికి కారణం ఇదే. 1856లో యూనిస్ ఫుట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో వేర్వేరు వాయువులు నింపి ఎండలో ఉంచి, కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నింటికంటే ఎక్కువ వేడెక్కిందని చూపింది. ఆమె ప్రయోగంలో ఎండ ప్రభావమూ పరారుణ ప్రభావమూ విడివిడిగా తేలలేదు. ఆ పని 1859లో జాన్ టిండాల్ చేశాడు. పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం టిండాల్ పేరే కనిపించి ఫుట్ పేరు కనిపించకపోవడం అన్యాయమే.

ఈ కిందికి వచ్చే వికిరణాన్ని మీరే కొలవవచ్చు. యంత్రాల వేడి చూసేందుకు మెకానిక్‌లు వాడే, సున్నాకు దిగువన కూడా చదవగల పరారుణ థర్మామీటర్ కావాలి. నుదుటి జ్వరం చూసేది పనికిరాదు, దాని పరిధి చాలా చిన్నది. జనవరిలో మబ్బులేని రాత్రి డాబా ఎక్కి దాన్ని నడినెత్తికి గురిపెడితే అంకె గాలి ఉష్ణోగ్రత కన్నా ఎంతో తక్కువగా, పొడి రాత్రుల్లో సున్నాకు దిగువన కూడా చూపుతుంది. ఒక మబ్బు తునక నెత్తిమీదికి వచ్చేదాకా ఆగి మళ్లీ గురిపెట్టండి, అంకె ఒక్కసారిగా ఎగబాకుతుంది. మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గుతుందని మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. ఆదిలాబాద్‌లోనైనా లంబసింగిలోనైనా గడ్డకట్టించే చలి పడేది ఆకాశం తేటగా ఉన్న రాత్రుల్లోనే. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఈ పరికరాలు చాలావరకు 8 నుంచి 14 మైక్రాన్ల మధ్యనే చూస్తాయి, అంటే పైన చెప్పిన ఖాళీలోంచే. కాబట్టి అది చూపే తేడా ప్రధానంగా మేఘాలదీ నీటి ఆవిరిదీ. కార్బన్ డయాక్సైడ్‌ను దీనితో కొలిచామని అనుకోకూడదు.

వాయువులు పెరిగితే ఏమవుతుంది? పారిశ్రామిక విప్లవానికి ముందు పది లక్షల అణువుల్లో 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్, 1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా మీద కొలతలు మొదలుపెట్టేనాటికి 315 అయింది, ఇప్పుడు 420 దాటింది. అది రెట్టింపైతే బయటికి పోయే శక్తి చదరపు మీటరుకు 3.7 వాట్లు తగ్గుతుంది. దాన్ని భర్తీ చేయడానికి భూమి దాదాపు 1 డిగ్రీ వేడెక్కాలి. కథ అక్కడ ఆగదు. డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, ఆ ఆవిరి మళ్లీ పరారుణాన్ని పీల్చుతుంది, కరిగిన మంచు చోట నల్లటి సముద్రం ఎండను మింగుతుంది. ఇవన్నీ కలిపి వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2021 నివేదికలో రెట్టింపుకు 3 డిగ్రీలను మేలైన అంచనాగా ఇచ్చింది, 2.5 నుంచి 4 దాకా ఉండవచ్చని చెప్పింది.

అభ్యాసం కోసం పక్క గ్రహాలకు వెళదాం. శుక్రుడి మీద 2,601 వాట్ల ఎండ పడుతుంది కాని దాని మేఘాలు 76 శాతాన్ని తిప్పి కొడతాయి. లెక్క వేస్తే 229 కెల్విన్‌లు, అంటే భూమికి వచ్చిన దానికన్నా తక్కువ. అక్కడి నేల మాత్రం దాదాపు 464 డిగ్రీల సెల్సియస్‌తో కాలుతోంది. ఇప్పుడు మీ వంతు: అంగారకుడి మీద ఎండ 590 వాట్లు, తిప్పి కొట్టేది 25 శాతం, ఉష్ణోగ్రత కట్టి, అక్కడి సగటైన దాదాపు −60 డిగ్రీలతో పోల్చండి. అక్కడి గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడే అయినా తేడా ఎందుకు అంత తక్కువగా వచ్చిందో ఆలోచించండి. గాలి పీడనం భూమి మీది దానిలో నూరో వంతు కూడా లేదన్నది ఆధారం. రెండో లెక్క: మన ఒంటి పొర నమూనాలో పీల్చే పాళ్లు 78 నుంచి 80కి పెరిగితే నేల ఉష్ణోగ్రత ఎంత మారుతుంది? పీల్చిన దానిలో సగమే కిందికి వస్తుంది కాబట్టి 238ని 0.6తో భాగించి మొదలుపెట్టండి. వచ్చే పాఠంలో ఈ జవాబులతో పాటు, గోదావరి, కృష్ణా డెల్టాల వరి మడుల్లో మీథేన్ ఎలా పుడుతుందో చూద్దాం.