విశాఖ సముద్రాన్ని పొద్దున్నే చూడండి
హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లేవారిలో చాలామంది సముద్రాన్ని సాయంత్రం పూటే చూసి వస్తారు. ట్యాంక్‌బండ్ అలవాటు కాబోలు! విశాఖది తూర్పు తీరం. అక్కడ సూర్యుడు నీళ్లలోంచి పైకి వస్తాడు, నీళ్లలోకి దిగడు. అందుకే రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి దిగితే, సామాను గదిలో పడేసి నేరుగా ఆర్కే బీచ్‌కు నడవండి. ఇసుక ఇంకా చల్లగా ఉంటుంది, తడి ఇసుక మీద చిన్న పీతలు అడుగు చప్పుడు వినగానే బొరియల్లోకి దూరిపోతాయి. జనం కూడా పలచగానే ఉంటారు.

అయితే అక్కడ కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి. లోపలి ప్రవాహాలు మనిషిని లాగేస్తాయి. హుస్సేన్‌సాగర్ చూసి పెరిగిన మనకు అలల బలం అంచనాకు అందదు.

ఆ బీచ్ రోడ్డు మీదే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియంకు సోమవారం సెలవు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన అసలు జలాంతర్గామి అది. పిల్లలతో వెళ్తే ఆదివారం రాత్రి మాత్రం రైలెక్కకండి, మేం అలాగే మూసిన గేటు చూసి వచ్చాం. సాయంత్రానికి మరమరాలతో కలిపే మురీ మిక్చర్ పొట్లం ఎలాగూ ఉంటుంది.