వరంగల్ నుంచి అండమాన్: పైసలు పోగొట్టుకోకుండా వెళ్లిరావడం ఎలా?

సామాన్ల గురించి చెప్పేదేముంది? టోపీ, చెప్పులు, ఒరిజినల్ ఆధార్, చేతిలో కొంత నగదు. హావ్‌లాక్ దీవిలో ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ పోతే ఫోన్‌పే కూడా పనిచేయదు. శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా విమానం ఉంది. హన్మకొండ నుంచి ఎయిర్‌పోర్టుకు నాలుగు గంటలు లెక్కేసుకోండి. ఇక్కడ ఎవరూ దెబ్బతినరు. దెబ్బతినేది ఇల్లు కదలకముందే, వాట్సాప్‌లో ట్రావెల్ ఏజెంటు పంపిన ప్యాకేజీ కొటేషన్ చూసి అడ్వాన్సు కొట్టేటప్పుడు.

ముందు ఏజెంటు జీఎస్టీ నంబరు అడగండి. పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు 36 అయితే తెలంగాణ రిజిస్ట్రేషన్, 35 అయితే అండమాన్. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే వ్యాపారం పేరు, యాక్టివ్‌గా ఉందో లేదో వస్తాయి. మీరు యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెరమీద కనిపించే పేరు దీంతో కలవాలి. "మా బావమరిది ఖాతా, దానికే వేయండి" అన్నారంటే అక్కడే ఆగండి.

తర్వాత కొటేషన్ లైను లైనుగా చదవండి. "ఫలానా హోటల్ లేదా దానికి సమానమైనది" అని ఉంటే ఆ రెండో ముక్క కొట్టేయించండి. మీరు ఫొటోలో చూసిన గది మారేది దానివల్లే. "ఫెర్రీ కలిపి" అంటే చాలదు. ఏ ఓడ, ఏ క్లాసు, ఏ టైము అన్నీ రాయించండి. ప్రభుత్వ ఓడకూ ప్రైవేటు ఓడకూ టికెట్టులో చాలా తేడా ఉంటుంది. పేర్లతో కూడా జాగ్రత్త: హావ్‌లాక్‌నే 2018 నుంచి స్వరాజ్ ద్వీప్ అంటున్నారు, నీల్‌ను షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. పాత పేరు ఒక రోజు, కొత్త పేరు ఇంకో రోజు రాసి ఒకే దీవిని రెండుగా లెక్కగట్టారేమో చూడండి.

పీఎన్‌ఆర్ పంపగానే టికెట్ ఖాయమైందనుకోవద్దు. డబ్బు కట్టకుండా హోల్డ్‌లో పెట్టినదానికీ పీఎన్‌ఆర్ వస్తుంది. విమాన సంస్థ సైటులో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి కన్ఫర్మ్ అని చూశాకే మిగతా డబ్బు. రీఫండ్ పేరుతో క్యూఆర్ స్కాన్ చేయమంటే చేయొద్దు, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోయిందా, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నిజానికి ప్యాకేజీయే దండుగ. విమానం, హోటల్, ఫెర్రీ విడివిడిగా కొనడానికి ఒక ఆదివారం సాయంత్రం చాలు. మధ్యలో ఎవరి కమీషనూ ఉండదు. ఇరవై మంది బంధువులతో వెళ్తే తప్ప ఏజెంటు ఎందుకో అర్థం కాదు.

రోజులు వేసుకునేటప్పుడు చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. గాలివానకు ఫెర్రీ ఆగిపోతే హావ్‌లాక్‌లో ఇరుక్కుని విమానం పోగొట్టుకుంటారు.

స్కూబా డైవింగ్‌కు (సముద్రం లోపలికి దిగి చూడటం) బేరం ఆడేముందు మూడు అడగండి: నీళ్లలో ఎన్ని నిమిషాలు, ఒక శిక్షకుడికి ఎంతమంది, వీడియో ధరలోనే ఉందా? "ముప్పై నిమిషాలు" అంటే ఒడ్డున నేర్పే టైము కూడా కలిపి చెప్తుంటారు. ఈత రాకపోయినా చేయొచ్చు, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే దాచొద్దు. డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు ఉండాలి, కాబట్టి ఆఖరి రోజున వద్దు.

బారాటాంగ్ దీవికి వెళ్లే దారిలో "జారవాలను (అక్కడి అడవుల్లో ఉండే ఆదివాసులు) చూపిస్తా" అనే డ్రైవరు బండి ఎక్కొద్దు. వాళ్ల రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. ఫొటో తీస్తే కేసు మీ మీద పడుతుంది.

ముత్యాలు, గవ్వల వస్తువులు కావాలంటే ప్రభుత్వ దుకాణం సాగరికలో బిల్లుతో కొనండి. పగడం మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు, బీచ్‌లో దొరికిన చచ్చిన ముక్కైనా సరే. వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో అది స్పష్టంగా కనిపిస్తుంది.