టర్కీ కోడికి గ్లేజ్ చివర్లోనే పూయండి

నేను ఫస్ట్ టైమ్ చేసినప్పుడు గ్లేజ్, అంటే పైన మెరిసేలా పూసే తేనె పూత, ముందే పూసి ఓవెన్లో పెట్టేశా, గంటన్నరకే పైన బొగ్గు, కోసి చూస్తే లోపల తొడ దగ్గర ఇంకా ఎర్రగానే ఉంది. తీపి ఉన్నదేదైనా త్వరగా మాడిపోతుంది, టర్కీ ఉడకడానికేమో గంటలు పడుతుంది, ఈ రెండిటికీ పొంతన కుదరదు. అందుకే గ్లేజ్ ఆఖరి అరగంటలో.

ముందు ఐస్ సంగతి. గడ్డకట్టిన టర్కీ అయితే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, 2 కేజీలకి దాదాపు ఒక రోజు, అంటే 5.5 కేజీలదానికి 3 రోజులు. బయట కౌంటర్ మీద వదిలేయొద్దు. కరిగాక లోపల చెయ్యి పెట్టి మెడ, లివర్ ఉన్న ప్యాకెట్ తీసేయండి, చాలామంది మర్చిపోయేది ఇదే. ట్యాప్ కింద కడగొద్దు, ఆ నీళ్లు చింది సింకంతా క్రిములే. టిష్యూతో తడి లేకుండా ఒత్తి కేజీకి అర టీస్పూన్ పైచిలుకు సన్న ఉప్పు లోపలా బయటా రుద్ది, మూత లేకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే చర్మం ఆరి బాగా కరకరలాడుతుంది. ప్యాకెట్ మీద ఉప్పునీళ్లు ఎక్కించామని రాసుంటే మాత్రం ఉప్పు బాగా తగ్గించండి.

ఓవెన్ 165 డిగ్రీల సెల్సియస్. ట్రేలో ఒక కప్పు నీళ్లు పోసి, పైన జాలీ మీద టర్కీ పెట్టి బటర్ రాసేయండి, లోపల ఏమీ కూరకపోతే 5.5 కేజీలకి 3 గంటల పైనే పడుతుంది. రొమ్ము ముందే రంగు తిరిగిపోతే అక్కడొక్కచోట ఫాయిల్ కప్పండి.

ఈలోగా అర కప్పు తేనె, 50 గ్రాముల బటర్, 2 స్పూన్ల మస్టర్డ్ సాస్, ఒక నారింజ రసం, స్పూన్ వెనిగర్ సిమ్‌లో మరిగించండి. గరిటె వెనక అంటుకుంటే చాలు, మరీ ముదరనిస్తే బ్రష్‌కి రాదు.

తొడ లావుగా ఉన్నచోట ఎముకకి తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 60 దాటిందా, ఇప్పుడు ఫాయిల్ తీసి పల్చగా ఒక పూత, పది నిమిషాలకోసారి ఇంకోటి, మూడు పూతలు చాలు. 74 డిగ్రీలు వస్తే అయిపోయినట్టే. రొమ్ములో కూడా గుచ్చి చూడండి, రంగు చూసి మాత్రం నమ్మొద్దు, గ్లేజ్ వేసింది పచ్చిగా ఉన్నా ఎర్రగా మెరుస్తూ మోసం చేస్తుంది.

తీశాక అందరూ ప్లేట్లు పట్టుకుని నిలబడ్డా సరే, అరగంట ఆగి కోయండి, లేకపోతే రసమంతా బోర్డు పాలు. గట్టిగా ఫాయిల్ చుట్టేస్తే ఆవిరికి చర్మం మెత్తబడిపోతుంది, వదులుగా కప్పండి. మిగిలింది 2 గంటల్లోపు ఎముకల నుంచి విడదీసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే 3, 4 రోజులు తినొచ్చు.