పైన్ ఆకుల మీద మంచి బూజును గుర్తుపట్టాలంటే

ఒడిశాలోని దారింగ్‌బాడి వైపు నుంచి మా పర్లాకిమిడికి తెగులు పట్టిన పైన్ ఆకులు తెచ్చినప్పుడల్లా ఒకటే టెన్షన్. ప్లాస్టిక్ కవర్‌లోనే కుళ్లిపోయి, ఏది తెగులు బూజో, ఏది తెగుళ్లను అణిచే మంచి బూజు ట్రైకోడెర్మానో తేలేది కాదు.

ఇప్పుడు కాగితం కవర్‌లో తెస్తున్నాను. పది పదిహేను ఆకులను కుళాయి ధార కింద ఒక నిమిషం కడిగి, తడి అద్ది, మూత ఉన్న డబ్బాలో పెడతాను. అడుగున రెండు మడతల టిష్యూ, కాచి చల్లార్చిన నీళ్లు రెండు చెంచాలు, పైన వేడినీళ్లలో మరిగించిన నాలుగు చీపురు పుల్లలు. ఆకులు ఆ పుల్లల మీదే ఉండాలి, ఒకదానికొకటి తగలకూడదు. డబ్బాను నీడలో ఉంచి, మూడో రోజు నుంచి 10 రెట్ల భూతద్దంతో చూడండి. ఆకు పైపొరను చీల్చుకుని వచ్చే నల్ల చుక్కలు చాలాసార్లు తెగులువే. తెల్ల దూదిలా పాకి, తర్వాత ముదురాకుపచ్చ బుడిపెలు కడితే ట్రైకోడెర్మా కావచ్చు. పెనిసిలియం అనే మరో బూజు అయితే నీలం కలిసిన పచ్చగా, పొడిపొడిగా ఉంటుంది. మూత తీసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, వాసన మాత్రం చూడొద్దు.

నీళ్లు ఎక్కువైతే జిగురు కట్టి అంతా పాడవుతుంది. రంగు ఒక్కటే నమ్మి పొలంలో వాడొద్దు. ఆస్పర్జిల్లస్ అనే బూజుల్లో కొన్ని కూడా పచ్చగానే వస్తాయి, మైక్రోస్కోప్ కింద చూపించుకోవాల్సిందే.