చితాభస్మం మార్చాలంటే ముందు కొత్త చోటి లెటర్

మా పెదనాన్నగారి చితాభస్మం ఉన్న కుండను జ్ఞానాపురంలో పెద్దమ్మ సమాధి పక్కకి మార్చడానికి రెండు చర్చిల మధ్య మూడు వారాలు తిరిగాం. వెళ్లాల్సిన చోటు ఖరారు కాకుండా ఉన్న చోట తవ్వనివ్వరు. అందుకే ముందు కొత్త సమాధి తోటలో "చోటు ఇస్తాం" అని ఫాదర్ గారి సంతకంతో లెటర్ తీసుకోండి. దానికి సమాధి రిజిస్టర్ నకలు, మరణ ధ్రువపత్రం, పిల్లలందరి సంతకాలు జతచేసి రెండు సెట్లు ఇవ్వండి. తీయడం, పెట్టడం ఒకే ఉదయం పెట్టుకోండి; 2016లో వాటికన్ ఇచ్చిన సూచనల ప్రకారం కతోలికులు చితాభస్మాన్ని మామూలుగా ఇంట్లో ఉంచకూడదు. మట్టి కుండ పగిలి ఉండొచ్చు, కొత్తది వెంట తీసుకెళ్లండి.

ఇదంతా చితాభస్మానికే. శరీరాన్ని భూస్థాపన చేసిన సమాధి అయితే చర్చి లెటర్ ఒక్కటే చాలదు, ప్రభుత్వ అధికారుల అనుమతి కూడా కావాలి.